వైశాలి నుంచి వంశవృక్షం దాకా

నిరుడు మా వారి అన్నయ్య ముప్పై ఆరేళ్లకే పోయారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలిందన్నారు. పోయిన నెల మా వారికీ అదే ఉబ్బు కనిపించింది. వంశంలో దిగుతున్న జబ్బేమో చూడాలి, పాపను తీసుకురండని ఢిల్లీ పెద్దాసుపత్రి జన్యు విభాగం నుంచి కబురొచ్చింది.

ఉదయం అయిదున్నరకు ఢిల్లీ శివార్లలోని మా వైశాలిలో రిక్షా ఎక్కాం. ఆరుంపావుకి బస్సు, ఐటీఓ కూడలి దగ్గర ఇంకొకటి. ఆలస్యమైతే నిలబడే చోటు కూడా దొరకదు. గుంత వచ్చినప్పుడల్లా నా కళ్లు ఆయన ఛాతీ మీదికే పోయాయి.

"అలా చూడకు. పగిలితే ముందు నీకే చెబుతాలే."

"ఊరుకో బావా."

పక్క సీటు పంజాబీ ఆంటీ నాలుగేళ్ల మా సింధుకి బిస్కెట్ ఇస్తూ, "ఎవరికి బాలేదు?" అనడిగింది.

"ఇంకా తెలీదు ఆంటీ," అన్నాను.

ఏడున్నరకు వరుసలో నిలబడితే తొమ్మిదికి కార్డు చేతికొచ్చింది. తెచ్చుకున్న ఇడ్లీలు మెట్ల మీదే తిన్నాం. పదింటికి సింధుకి ఎకో పరీక్ష.

"సూయీ నహీ లగేగీ నా, మమ్మీ?"

సూది ఉండదని ఒట్టేశాను. ఛాతీ మీద జిగురు రాసి చిన్న యంత్రం తిప్పారు. ఇప్పటికి బాగానే ఉంది, ఏటా చూపించాలన్నారు.

పదకొండింటికి లేడీ డాక్టరు పెద్ద కాగితం మీద వంశవృక్షం గీశారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత. నన్ను అంచున ఒక సున్నాగా వేసి వదిలేశారు. కోడలిని కదా, అనుకున్నాను నేనూ.

"మీ అమ్మగారికి తోబుట్టువులు?" అని మా వారిని అడిగారు.

"ఒక తమ్ముడు. నలభై లోపే, ఆఫీసులో కూర్చున్నచోటే పోయాడు. గుండెపోటన్నారు."

"అచ్ఛా. ఆయన పిల్లలు?"

"ఒక్కతే కూతురు. ఇదిగో, ఈమే."

డాక్టరు కలం ఆగింది. "మీ భార్యా?"

"మేనరికం మేడం. మా వైపు మామూలే."

మా నాన్న చదరం నుంచి ఒక గీత దిగి నా సున్నాకు తగిలింది. మా దంపతుల మధ్య గీత పక్కన ఇంకో గీత పడింది. రక్తసంబంధంలో పెళ్లికి అదే గుర్తట. ఏడాదిగా భర్త కోసం, బిడ్డ కోసం భయపడ్డాను. నాన్న చావును ఒక్కసారి కూడా మా వారి అన్నయ్య చావు పక్కన పెట్టి చూడలేదు. పాపకు రెండు వైపుల నుంచీ రావచ్చా అని అడిగాను.

"ముందు మిమ్మల్ని చూడాలి. వచ్చే మంగళవారం ఎకో. ఆయనకు చెప్పినట్టే అంతదాకా మీరూ బరువులెత్తకండి," అన్నారు డాక్టరు.

ముగ్గురి రక్తం తీసుకున్నారు. సింధు నన్ను మోసగత్తెను చూసినట్టు చూసింది. ఈ జబ్బు తెచ్చే జన్యువు దొరకడానికి ఏళ్లు పట్టవచ్చట, దొరక్కపోవచ్చట.

వెళ్లేవారికి ఒక మాట: ఇరువైపులా ఎవరు ఏ వయసులో ఎలా పోయారో రాసి తీసుకెళ్లండి. మేనరికమైతే అడగకముందే చెప్పండి.

మూడింటికి తిరుగు బస్సు. సింధు మా ఒళ్లో నిద్రపోయింది. మా స్టాపు వచ్చింది. ఎత్తుకోబోతే మా వారు నా చేయి పట్టుకున్నారు. ఆయన వంగబోతే నేను ఆపాను.

"జల్దీ కరో భాయ్!" అని కండక్టరు అరుస్తున్నాడు.

పిల్లను నిద్ర లేపి, చెరో చేయి పట్టుకుని దించాం.