పాత చింతపండుకు వేరే తొట్టి

ఇటు నా దగ్గరికి జరిగి కూర్చోండి. పైన ఫ్యాను చప్పుడులో ఒక్క ముక్క జారిపోయినా మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. కానీ ఏ రోజు ఏం జరిగిందో మాత్రం మర్చిపోను.

బెంగుళూరులో కె.ఆర్.పురం దాటాక చింతపండు గుజ్జు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పన్నెండు మంది ఆడవాళ్ళం పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని గింజా పీచూ తీస్తాం. మేం తీసిన పండును వేడినీళ్ళ తొట్టిలో నానబెడతారు. నానింది జల్లెడ మిషన్‌లోకి పోతుంది, కిందికి దిగిన గుజ్జును ఉడికించి డబ్బాల్లో నింపుతారు. జల్లెడ ఆగిందా, అన్నీ ఆగినట్టే.

ఆ ఎండాకాలం అది రోజు విడిచి రోజు ఆగేది. ఉడికించే పాత్ర చల్లారిపోయేది. డబ్బాలు నింపేవాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. సరుకు కోసం వచ్చిన లారీ గేటు దగ్గరే పడుండేది. సూపర్‌వైజరు తప్పంతా మా బల్ల మీదికి నెట్టాడు.

"ఏనమ్మా, నోట్లో మాటలు, పండులో గింజలు! ఈ నెలాఖరు దాకా చూస్తాం. ఇట్లే ఆగతా ఉంటే గింజ తీసిన పండే బయటినుంచి తెప్పిస్తానని ఓనరు చెప్పేసినాడు. మీ బల్ల ఎత్తేయడమే."

"గింజ యాడ చూసినావప్పా? చూపించు" అన్నాను.

"నీకు చూపించేదానికి నువ్వేమన్నా ఇంజినీరా?"

మా వాళ్ళలో ఇద్దరు బల్ల ఎత్తేస్తారన్న మాట విని, మరుసటి రోజే అపార్ట్‌మెంట్లలో పని వెతుక్కుని పోయారు. నేను పోదల్చుకోలేదు. మానేస్తే మానేస్తాను గానీ, చేయని తప్పు నెత్తిన పెట్టుకుని ఎందుకు లేవాలి?

ఆ వారంలోనే కుందలహళ్ళిలో ఉన్న మా కంపెనీ ఆఫీసునుంచి నిజమైన ఇంజినీరే వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఆయన చూస్తుండగానే జల్లెడ ఆగింది. విప్పుతుంటే నేను బల్ల దగ్గరనుంచి లేచి పోయి, అడ్డుపడిన ముద్దను చేత్తో నలిపాను. గింజ ఒక్కటీ లేదు. అన్నీ నల్లటి గడ్డలు, లోపలికి నీరే దిగలేదు. కిందటేటి పండు అది. దాని చుట్టూ ఈ ఏటి కొత్తపండు జావలాగా కరిగి అతుక్కుంది.

"సార్, పాతదీ కొత్తదీ ఒకే తొట్టిలో ఏస్తా ఉండారు. ఇంట్లో ఎవురన్నా అట్ల నానేస్తారా? పాతది నానేలోపల కొత్తది రసమైపోతాది."

"రంగు ఒకేలా రావాలని కలుపుతున్నారక్కా. కానీ మిషన్ ఆగడానికి అదే కారణమని ఎలా చెప్తాం? డేటా కావాలి కదా."

"అంటే?"

"ఏ రోజు ఆగింది, ఏ రోజు ఆగలేదు, ఆ రోజు ఏ పండు పడింది."

"అంతేనా? రాసుకో."

ఉగాది మరుసటి రోజునుంచి మొదలుపెట్టాను. "ఆ పొద్దు మా పక్కామె మెంతాకు పప్పు తెచ్చినాది. కోల్డ్ స్టోరేజీలోని పాత మూటలూ కొత్తవీ రెండూ విప్పినారు, రెండుసార్లు ఆగింది. మర్నాడు ఉత్త కొత్తవే, ఆగలే. ఆ తర్వాత దినం కరెంటు పోయింది, దాన్ని ఏసుకోవాకు, పాపం జల్లెడ తప్పు కాదు." ఆయన నవ్వుతూనే అంతా రాసుకున్నాడు. తర్వాత స్టోరు చూసే ఆయనతో రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. ఒక్క రోజు తప్ప అన్నీ కలిశాయి.

"ఆ ఒక్కటీ రిజిస్టరే తప్పు సార్. ఆ దినం ఈయప్ప రానేలేదు."

స్టోరు చూసే ఆయన తల గోక్కున్నాడు. "అవును సార్, మా మరదలి పెండ్లి. మర్నాడు వచ్చి గుర్తున్నంత రాసినా."

వేరువేరుగా నానబెట్టి చూద్దామన్నాడు ఇంజినీరు. రెండో తొట్టి లేదన్నారు. షెడ్డు వెనక పడున్న పాత స్టీలు తొట్టిని మిగిలిన పదిమందీ తోమి పెట్టాం. పాత పండు పొద్దున్నే, కొత్తది రెండు గంటల తర్వాత నానబెట్టాలి. విడివిడిగా జల్లించి, గుజ్జును ఉడికేటప్పుడు కలపాలి. మొదటిరోజు జల్లెడ ఆగలేదు గానీ గుజ్జులో నల్ల చారలు వచ్చాయి.

"బలే ఉందమ్మా, పులి తోలు!" అన్నాడు సూపర్‌వైజరు.

"చారలు కలిపితే పోతాయి. గడ్డలు కలిపితే పోతాయా?" అన్నాను.

మర్నాడు కలిపే సమయం పెంచమని ఇంజినీరును అడిగాను. చారలు పోయేదాకా పాత్ర దగ్గరే నిలబడ్డాను. కాళ్ళు వాచాయి. మూడోరోజుకి రంగు కుదిరింది. నెలాఖరు దాకా పండు అడ్డుపడి జల్లెడ ఆగింది లేదు.

నెలాఖరున ఓనరు వచ్చి గేటు దగ్గర లారీ ఏదని అడిగాడు. నిండిపోయి మధ్యాహ్నమే వెళ్ళిపోయిందన్నారు. ఆయన మా దగ్గరికొచ్చి, "బల్ల ఎక్కడికీ పోదు" అన్నాడు. వెళ్ళిపోయిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకామె తిరిగొచ్చింది, ఒకామె రానంది. ఇప్పుడు మూట విప్పితే చాలు, సూపర్‌వైజరు ఒక పండు నా చేతిలో పెట్టి, "చూడమ్మా, ఏ తొట్టికి?" అంటాడు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో పనిచేసే చేతికి మర్యాద తగ్గకూడదు, పెట్టే చేతికి కొరత రాకూడదు. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.