ఊడిన వైరు, తిరిగిచ్చిన రౌండు

2023 ఎండాకాలం. గుడివాడ బస్టాండు దగ్గర, మందుల షాపు పైన మా గేమింగ్ సెంటర్. ఈ పనిలో నేను చాలా గొడవలు తీర్చాను, చాలామందిని మెట్లు దింపి పంపించాను. ఆట చూసి ఇద్దరు మనుషులకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నది మాత్రం ఆ ఏడాది ఒక సోమవారం మధ్యాహ్నమే.

నేను చదివింది అయిదో తరగతి దాకా. మా ఆయన మొదట వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవారు, తర్వాత దాన్నే నెట్ సెంటర్ చేశారు. ఆయన పోయాక షాపు ఎత్తేయమని అందరూ అన్నారు. బల్లలున్నాయి, కుర్చీలున్నాయి, కంప్యూటర్లున్నాయి. మంచి సామాను తూకానికి వెయ్యడం నాకు చేతకాదు. ఉన్నవాటికి ఇంకో నాలుగు చేర్చి ఆటల షాపుగా మార్చాను. ఆడడం నాకు రాదు. కౌంటర్లో కూర్చుని చూసీ చూసీ, ఎవరు ఎలా ఆడతారో, ఎలా ఓడతారో చెప్పడం మాత్రం వచ్చింది.

మా దగ్గర ఎక్కువమంది ఆడేది ఫైటింగ్ గేమ్. తెరమీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఆడేవాళ్ళ చేతిలో కంట్రోలర్ ఉంటుంది, అంటే బటన్ల డబ్బా. తెర పైభాగాన ఒక్కొక్కరికి ఒక గీత. దెబ్బ తగిలినకొద్దీ అది తరుగుతుంది. గీత అయిపోతే రౌండ్ పోయినట్టు. మూడు రౌండ్లలో ముందు రెండు గెలిచినవాళ్ళదే ఆట. ఎదుటివాళ్ళు పక్కనే ఉండనక్కర్లేదు, ఆన్‌లైన్లో ఏ ఊళ్ళోనైనా ఉండొచ్చు.

షాపులో నేను పెట్టిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. చెప్పులు గుమ్మం బయట విడవాలి. బూతు మాట వచ్చిందా, ఆ పూట చీపురు వాళ్ళ చేతికే. ఓడినవాళ్ళు కుర్చీలోంచి లేచేముందు “మంచి ఆట” అని పైకి అనాలి. ఎదుటి మనిషి ఎక్కడో ఉన్నాడు, వాడికి వినబడదు కదా అని కుర్రాళ్ళు వాదిస్తారు. వాడికి వినబడకపోతే నాకు వినబడుతుంది, అను అంటాను.

ఆడేవాళ్ళలో రెండు జాతులు. సరదాకి వచ్చేవాళ్ళను క్యాజువల్ అంటారు. ర్యాంకుల కోసం, పోటీల కోసం ఆడేవాళ్ళు కాంపిటీటివ్. వీళ్ళకి వాళ్ళంటే చులకన, “బటన్లు పిసికే బ్యాచ్” అంటారు. వాళ్ళకి వీళ్ళంటే ఎగతాళి, “ఎంసెట్ బ్యాచ్” అంటారు. రోజూ ఈ తగువు తీర్చలేక నేను షాపుకు అడ్డంగా ప్లైవుడ్ చెక్క కొట్టించి, అటు పోటీ వరస, ఇటు సరదా వరస అని విడగొట్టాను.

సరదా వరసలో మొదటి కుర్చీ భావనారాయణది. పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తాడు. నలభై దాటిన మనిషి, వేళ్ళకు ఎప్పుడూ రంగు. సరుకు ఇవ్వడానికి సోమవారం గుడివాడ వచ్చి, తిరుగు బస్సుకు ముందు కాసేపు మా దగ్గర ఆడేవాడు. అతనికి తెలిసిన దెబ్బ ఒక్కటే, కిందనుంచి కాలితో కోయడం. అచ్చు రంగులో ముంచి, గుడ్డమీద పెట్టి, పిడికిలితో గుద్దే మనిషి కదా, బటన్ కూడా అదే వరసలో గుద్దేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఓడేవాడు. ఓడి నవ్వేవాడు.

ఒకసారి ఆట ఆపి మరీ నన్ను పిలిచాడు. “మామ్మగారూ, ఈ ఫైటర్ నడికట్టు అంచు చూశారా. నాలుగు రంగులు. ఒక్కచోట కూడా అచ్చు పక్కకు జరగలేదండీ.”

“నువ్వు డబ్బులు కట్టింది అంచు చూడ్డానికా, ఆడ్డానికా?”

“రెండూనండీ.”

చెక్కకు అవతల, పోటీ వరసలో కిటికీ పక్క కుర్చీ కెజియాది. అవనిగడ్డ పిల్ల. గుడ్లవల్లేరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివేది. మా షాపులో అంత పట్టుగా ఆడినవాళ్ళను నేను చూడలేదు. ప్రాక్టీస్ మోడ్ అని ఒకటుంటుంది. అందులో ఎదుటి బొమ్మ తిరిగి కొట్టదు, మనం సాధన చేసుకోవడమే. అక్కడ కూర్చుని ఒకే దెబ్బల వరసను, అంటే కాంబోను, పొద్దుటినుంచి భోజనాల దాకా చేసేది. కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చునేది. వైఫై మీద ఆట తడబడుతుందని, దాన్నే లాగ్ అంటారు, హాస్టల్నుంచి సొంత నెట్ వైరు తెచ్చుకుని కంప్యూటర్ పెట్టెకు తగిలించుకునేది. ఆ వైరు చివర ప్లాస్టిక్ ముక్కకు, వైరు ఊడకుండా పట్టి ఉంచే చిన్న నాలుక విరిగిపోయి ఉంది. కొత్తది కొనుక్కోమ్మా అంటే, “ఇది బానే పనిచేస్తోంది మామ్మగారూ” అంది. నేనూ అలాంటి మాటకు ఎదురు చెప్పేదాన్ని కాదు.

ఆ వేసవిలో ఆన్‌లైన్ పోటీ ఒకటి వచ్చింది. గెలుచుకుంటూ పోయినవాళ్ళను హైదరాబాద్ ఫైనల్స్‌కు పిలుస్తారు. ఓడితే అంతే, రెండో అవకాశం లేదు. ఎవరైనా పేరు ఇవ్వొచ్చు. కెజియా ఇచ్చింది. ఊరికే వస్తోంది కదా అని భావనారాయణ కూడా ఇచ్చాడు.

పోటీకి ముందురోజు కెజియా నా దగ్గరకొచ్చి చెప్పింది. “ఇదే లాస్ట్ మామ్మగారూ. ఈసారి ఫైనల్స్‌కి వెళ్ళకపోతే పోటీలు మానేసి చదువు చూసుకుంటానని నాన్నగారికి మాటిచ్చాను.”

“మాట ఇచ్చావా, ఊరికే అన్నావా?”

“ఇచ్చానండీ.”

సోమవారం మధ్యాహ్నం ఆటల జాబితా వచ్చింది. లాగ్ రాకుండా దగ్గరి ఊళ్ళవాళ్ళను మొదట కలుపుతారట. కెజియాకు మొదటి ఆటలో పడింది భావనారాయణే. ఒకే షాపులో, చెక్కకు అటొకరు ఇటొకరు. కుర్రాళ్ళంతా నవ్వారు. “ఎంసెట్ ర్యాంకుకీ ఓపెన్ స్కూలుకీ పడింది రా” అన్నాడొకడు. ఏసీ వేశాను. మామూలు రోజుల్లో ఫ్యాన్లే. పోటీ కాబట్టి వేశాను.

మొదటి రౌండ్ భావనారాయణ గెలిచాడు. ఎలా గెలిచాడో అతనికే తెలియదు. గెలిచాక చెక్క మీదనుంచి తల ఎత్తి, “సారీ అమ్మాయ్” అన్నాడు. రెండో రౌండ్లో కూడా ఆ పిల్ల గీత సగానికి తక్కువైంది. బాసింపట్టులో కాలు తిమ్మిరెక్కిందేమో, ఒక్కసారి కిందికి దించింది. అంతే, తెర ఆగిపోయింది. భావనారాయణ తెరమీద, ఎదుటివాళ్ళు ఆటలోంచి వెళ్ళిపోయారని అక్షరాలు పడ్డాయి.

ఈ ఆటల్లో రేజ్ క్విట్ అని ఒక మాట ఉంది. ఓడిపోతున్నామని తెలిసి, ఆ ఓటమి లెక్కలోకి ఎక్కకముందే వైరు పీకి పారిపోవడం. దీన్ని మించిన చెడ్డపేరు ఇంకోటి లేదు. ఒకసారి ఆ ముద్ర పడితే ఆ పిల్లతో ఎవరూ ఆడరు.

“పీకేసింది” అన్నాడు సరదా వరసలోంచి ఒకడు.

“నువ్వు చూశావా?” అన్నాను.

“చూడలేదండీ. కానీ ఓడిపోతోంది కదండీ.”

“చూడనిది మాట్లాడకు.”

నేనూ చూడలేదు. నా కౌంటర్నుంచి ఆ పిల్ల తల మాత్రమే కనబడుతుంది. కెజియా ఊడిన వైరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. “కాలు తగిలిందండీ” అంది ఒక్కసారి. రెండోసారి అనలేదు.

పోటీ పెట్టినవాళ్ళు చాట్‌లో రాశారు. వైరు ఊడినవాళ్ళు ఓడినట్టే. ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే మాత్రం మొదటినుంచి మళ్ళీ ఆడిస్తాం, ఏ సంగతో వెంటనే చెప్పండి. అంటే ఆ పిల్ల హైదరాబాదూ, పేరూ రెండూ ఇప్పుడు భావనారాయణ చేతిలో ఉన్నాయి.

అతని వెనక కుర్రాళ్ళు మూగారు. “బాబాయ్, నువ్వు కూర్చో చాలు. గెలిచేశావ్. జన్మలో ఇంకోసారి గెలవవు.”

“గెలిచింది వైరు కదరా, నేనెక్కడ గెలిచాను” అని కంట్రోలర్ పక్కన పెట్టి, ఒక్క వేలితో టైపు కొట్టడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వైరు ఊడింది, ఆ అమ్మాయి పీకలేదు, మళ్ళీ ఆడతాం అని.

“పీకలేదని నీకెలా తెలుసు బాబాయ్?”

“ఈ అమ్మాయి చేతిలో నేను ఎన్నిసార్లు ఓడానో మీరూ చూశారుగా. మొన్న ఉగాది ముందు ఒకసారి మాత్రం నేను గెలిచాను. అప్పుడు మొహం మాడ్చుకునే కూర్చుంది, కానీ ఆఖరి బొమ్మ పడేదాకా కదల్లేదు. మంచి ఆట బాబాయ్ అని చెప్పే లేచింది. అప్పుడు పారిపోని మనిషి ఇప్పుడెందుకు పారిపోతుంది?”

చెక్క అవతల కెజియా విన్నది. వైరు గట్టిగా నొక్కి పెట్టి, బల్ల కాలికి రిబ్బన్ ముక్కతో కట్టింది. బాసింపట్టు వేసుకోలేదు, కాళ్ళు నేలకు ఆన్చి కూర్చుంది.

ఆట మళ్ళీ మొదలైంది. రెండువైపులా సున్నా. కెజియా కంట్రోలర్ బల్లమీద పెట్టి చేతులు కట్టుకుంది.

“ఏంటమ్మాయ్, ఆడవా?” అన్నాడు భావనారాయణ.

“మొదటి రౌండ్ మీరు గెలిచేశారు బాబాయ్. అది మీదే. తీసుకోండి.”

“ఊరికే నిలబడ్డ మనిషిని నేను కొట్టను.”

అతనూ కంట్రోలర్ కింద పెట్టాడు. తెరమీద ఇద్దరు యోధులు ఒకరినొకరు చూసుకుంటూ ఊపిరి పీలుస్తున్నారు. పైన టైము తగ్గిపోతోంది. అది సున్నాకు వచ్చేలోపు ఎవరూ కొట్టకపోతే రౌండ్ ఇద్దరికీ చెరొకటి పడుతుంది. అప్పుడు కెజియా ఇచ్చినట్టూ కాదు, భావనారాయణ వద్దన్నట్టూ కాదు. కుర్రాళ్ళకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

నేను కౌంటర్లోంచి లేచాను. “భావనారాయణా, ఏసీ ఊరికే నడవడం లేదు. నువ్వు ఆడమని మర్యాద చేశావు, ఆ పిల్ల పుచ్చుకుంది. ఇప్పుడు ఆ పిల్ల ఇస్తుంటే నువ్వు వద్దంటే అది మర్యాద కాదు, పొగరు. నీది నువ్వు తీసుకో.”

అతను తల గోక్కున్నాడు. కంట్రోలర్ తీసుకుని ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టాడు, అదీ మెల్లగా. వెంటనే వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. టైము అయిపోయింది, రౌండ్ అతనికి పడింది.

రెండో రౌండ్ నేను చెప్పలేను, చూడాల్సిందే. పొద్దస్తమానం ప్రాక్టీస్ మోడ్‌లో ఆ పిల్ల ఏం చేసేదో ఆ రోజు తెలిసింది. భావనారాయణ కాలు ఎత్తేలోపే ఆ కాలు అక్కడ ఉండబోతోందని తెలిసినట్టు ఆడింది. గీత ఖాళీ అయ్యేదాకా అతను ఒక్క దెబ్బా వెయ్యలేకపోయాడు. ఓడుతూనే “అబ్బ, అబ్బ” అని మెచ్చుకుంటున్నాడు.

మూడో రౌండ్ చివరికి ఇద్దరికీ వెంట్రుకంత గీత మిగిలింది. భావనారాయణ కింద కోత ఎప్పుడు వస్తుందో కెజియాకు వరస తెలుసు. వచ్చే వేళకు సరిగ్గా కింద కాచుకుంది. రాలేదు. సరిగ్గా అప్పుడే అతను చెమట పట్టిన అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఈ పిల్ల కాపు వదిలి ముందుకు కదిలింది. అతను చెయ్యి మళ్ళీ బటన్‌మీద వేశాడు. కోత తగిలింది.

ఆ మొదటి రౌండ్ ఇవ్వకపోయి ఉంటే, ఆ పిల్ల ఇంకా ఆటలోనే ఉండేది. అది అందరికంటే ఆ పిల్లకే బాగా తెలుసు. చెయ్యి తుడుచుకోవడం అదృష్టం, అలాంటిదేదైనా అనొచ్చు, అనడానికి నోరుంది. అనలేదు. ఆఖరి బొమ్మ పడేదాకా కూర్చుంది. లేచి, చెక్క చుట్టూ తిరిగి సరదా వరసలోకి వచ్చి అతని ముందు నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మంచి ఆట బాబాయ్.”

భావనారాయణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “నేను తప్పుకుంటానమ్మా. నువ్వెళ్ళు. నాకేముంది అక్కడ.”

“నా బదులు మీరు గెలిచారు. నా బదులు మీరే ఆడాలి. నెక్స్ట్ వచ్చేవాడు పైనుంచి దూకి కొడతాడు, వాడి ఆటలు నేను చూశాను. జరగండి, చెప్తాను.”

ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. దూకినవాణ్ణి ఎలా ఆపాలో వేలు పట్టుకుని నేర్పినట్టు నేర్పింది. తర్వాతి ఆటలో భావనారాయణ ఒక రౌండ్ గెలిచి, రెండు ఓడిపోయాడు. మంచి ఆట అని షాపంతా వినబడేలా చెప్పి, బస్సుకు టైమైందని పరుగెత్తాడు.

కెజియా ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. మళ్ళీ ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు, ఇక రావేమో అనుకున్నాను. మరుసటి సోమవారం మధ్యాహ్నం వచ్చి తిన్నగా సరదా వరసలో రెండో కుర్చీలో కూర్చుంది. “అలా చూడకండి మామ్మగారూ. ఆట మానేస్తానని నాన్నగారికి చెప్పలేదుగా” అంది. అక్కడ కూడా అంత పట్టుగానే ఆడింది. భావనారాయణ అలాగే ఓడి, అలాగే నవ్వాడు. మధ్యలో ఆట ఆపి ఆ పిల్లకు నడికట్టు అంచు చూపించాడు. ఆ పిల్ల వంగి మరీ చూసింది.

సరదాకి ఆడేవాళ్ళకు గెలుపు విలువ తెలియదని, పోటీకి ఆడేవాళ్ళకు గెలుపు తప్ప ఇంకేమీ తెలియదని అనుకునే నేను ఆ చెక్క కొట్టించాను. చేతిలోకి వచ్చిన గెలుపును ఇటువైపు మనిషి వదిలేశాడు. ఎవరూ అడగని రౌండ్‌ను అటువైపు పిల్ల తిరిగిచ్చింది. ఇంక ఆ చెక్క అక్కడ ఎందుకు? వడ్రంగిని పిలిచి ఊడదీయించాను. మంచి ప్లైవుడ్, పారెయ్యడానికి మనసొప్పలేదు. కోయించి గుమ్మం బయట చెప్పుల స్టాండు చేయించాను. ఇప్పుడు రెండు వరసలవాళ్ళూ దాంట్లోనే చెప్పులు విడుస్తారు.