సడ్డకుని కొలతలు

ముందే చెప్పేస్తున్నాను, మా సడ్డకుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత బాధే ఉండేది కాదు. సడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త, తోడల్లుడు. భూపాలపల్లి బొగ్గుబాయిలో ఉద్యోగం, క్వార్టరు, తెల్ల కారు. నాకంటే జానెడు పొడుగు. ఆయన నవ్వితే మా అత్తగారింటి కోళ్ళు కూడా తల తిప్పి చూస్తాయి. నేను జనగామలో ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ళు కుట్టుకునే మనిషిని. రెండు గదుల కిరాయి ఇల్లు, మెట్ల కింద ఒకే ఒక్క సైకిల్ పట్టేంత జాగా.

మా అత్తగారిది పెద్దవంగర. ఆరేళ్ళపాటు ఆ ఇంటికి నేనొక్కడినే అల్లుణ్ణి. యాట కోసిన రోజు మూలుగు నిండిన నల్లిబొక్క నా పళ్ళెంలోనే పడేది. నేను జనగామ నుంచి పాలకుర్తి మీదుగా సైకిల్ తొక్కుకుంటూ పోతే, మా మామ వాకిట్లో కూర్చున్న నలుగురికీ వినపడేలా, "సూడుండ్రి, మా అల్లుడు జనగామ కాడికెళ్ళి తొక్కుకుంట వచ్చిండు!" అనేవాడు. ఆయన సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయిన మనిషి. నలుగురి ముందు చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా, ఆ ఒకటి నేను. జీతంలో నేను గొప్ప కాదు, ఎత్తులో కాదు, మాటల్లో అసలే కాదు. సైకిల్ ఒక్కటే నాది.

తర్వాత చిన్నల్లుడు వచ్చాడు. రెండేళ్ళు బాగానే గడిచాయి. మూడో దసరాకు ఆయన కారు వెనక స్టాండుకు ఒక సైకిల్ తగిలించుకుని దిగాడు.

"అన్నా, నిన్ను జూసే మొదలువెట్టిన" అన్నాడు, నవ్వుతూ.

ఆ మాటకు ఎవడైనా సంతోషపడతాడు. నాకు మాత్రం కడుపు భగ్గుమంది. ఈ మనిషికి అన్నీ ఉన్నాయి, నాకున్న ఈ ఒక్కటీ ఎందుకు? జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇచ్చుకున్నప్పుడు కూడా ఆయన భుజం మీదుగా ఆ సైకిల్‌నే చూస్తున్నాను.

మరునాడు పొద్దున ఇద్దరం పొలం దాకా పోయినాం. ఊరు దాటేదాకా డాంబర్ రోడ్డు, ఆ తర్వాత ఎర్ర కంకర పోసిన మొరం బాట. నాది సన్న టైర్ల పాత సైకిల్. డాంబర్ మీద ఆయన నా వెనక రొప్పుకుంటూ వచ్చాడు. నాకు అసలు పండుగ అదే. మొరం మొదలయ్యిందో లేదో, నా ముందు చక్రం కంకరలో అటూ ఇటూ జారి, దిగి నెట్టుకుంటూ నడవాల్సి వచ్చింది. ఆయన లావు టైర్ల మీద దుమ్ము లేపుకుంటూ పోయాడు. మోటారు షెడ్డు దగ్గర మామ నన్ను చూసి, "ఏం అల్లుడా, బర్రెను తోల్కొచ్చినట్టు తోల్కొస్తున్నవు?" అన్నాడు. పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ మధ్యాహ్నం నల్లిబొక్క ఆయన పళ్ళెంలో పడింది. అత్తమ్మ కావాలని వేసిందో, గరిటెకు అదే వచ్చిందో దేవుడికే ఎరుక. నేను దాన్నే చూస్తూ అన్నం తిన్నాను.

తింటూ ఆయనే చెప్పాడు. "మొరంల మస్తుగ పోతది అన్నా. డాంబర్ ఎక్కిందంటే బండ గుంజినట్టుంటది. రెంటికీ పనికొచ్చేది ఒక్కటి ఉంటే ఎంత బాగుండు." ఇంకో మాట కూడా చెప్పాడు. "హైదరాబాద్‌ల సైకిల్ కొన్నప్పుడు నన్ను రెండు గంటలు నిలవెట్టి కొలిచిన్రు. సీటు ఎంత ఎత్తు, హ్యాండిల్ ఎంత దూరం, అంత లెక్కనే. అసలు కథ కొలతలల్లనే ఉన్నదంట."

కొలతల్లో ఉందట! అందుకేనా మహానుభావుడు గాలిలో తేలినట్టు పోయాడు! అందరూ తిని పడుకున్నాక మా ఆవిడ సంచిలోంచి జాకెట్లు కుట్టే టేపు తీసుకుని పెరట్లోకి పోయినాను. ఆయన సైకిల్ గోడకు ఆనించి ఉంది. సీటు నుంచి పెడల్‌కు ఎంత, సీటు నుంచి హ్యాండిల్‌కు ఎంత, హ్యాండిల్ వెడల్పు ఎంత, నడుమ గొట్టం పొడుగు ఎంత, అన్నీ కొలిచి బస్సు టికెట్ వెనక రాసుకున్నాను. వంటింటి కిటికీ తెరిచే ఉంది. నేను దానివైపు చూడలేదు.

జనగామలో స్టేషన్ దారిలో ఒక ముసలి సైకిల్ మెకానిక్ ఉన్నాడు. నేను తాతా అంటాను. "డాంబర్ మీద ఉరకాలె, మొరం మీద జారొద్దు. ఒక్కటే సైకిల్. చేస్తవా?" అని అడిగాను.

"రెండు పడవల మీద కాళ్ళు వెడ్తనంటవు" అన్నాడు. కానీ చేతిలోని రెంచి కింద పెట్టేసి నా వైపు తిరిగి కూర్చున్నాడు.

ఏడు నెలలు పట్టింది. టైర్ల దగ్గరే నెల రోజులు కొట్లాడుకున్నాం. నేను సన్నవి అంటే ఆయన లావువి అన్నాడు. చివరికి మధ్యరకం తెప్పించాం, నడుమ నున్నగా, అంచులకు మాత్రం గింజలు ఉన్నవి. "మిగిలింది గాలి మీద ఉన్నది సారు. డాంబర్ మీద గట్టిగ కొట్టు, మొరం రాంగనే జర ఇడువు" అన్నాడు. హ్యాండిల్ మేక కొమ్ముల్లా కిందికి వంగి, కొసలు కొంచెం బయటికి తిరిగినది పెట్టాం. అలా ఉంటే చదును మీద వంగి తొక్కొచ్చు, కంకరలో చేతులు ఎడంగా పెట్టి పట్టు దొరకబుచ్చుకోవచ్చు. ముందు ఒకటే పళ్ళచక్రం, వెనక మాత్రం గుట్ట ఎక్కేటంత పెద్ద గేరు. చక్రాలకు స్పోకు పుల్లలు తాత తానే ఒక్కొక్కటీ ఎక్కించి, వేలితో మీటుతూ బెండు తీశాడు. ఆఫీసు అయిపోగానే నేను అక్కడికే. ఇంటికి ఆలస్యంగా వస్తే మా ఆవిడ నా చేతులకున్న గ్రీజు చూసి సబ్బు అందించేది.

ఫ్రేము మాట చెప్పలేదు కదూ. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వరంగల్‌లో మూతపడుతున్న ఒక షాపు నుంచి తాత రెండు ఉక్కు ఫ్రేములు పట్టుకొచ్చాడు. రెంటికీ ఈ టైరు పట్టేంత సందు ఉంది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. తాత నన్ను ఎగాదిగా చూసి చిన్నది ముందుకు జరిపాడు. నేను జేబులోంచి టికెట్ ముక్క తీసి ఇచ్చాను.

"గీ కొలతలు నీయేనా?"

"నాయే. హైదరాబాద్‌ల తీసిన్రు."

"ఈ నడుమ ఏమన్న పెరిగినవా సారు?"

నాకు ఒళ్ళు మండింది. "నీకు పని కావాల్నా, వద్దా?" అన్నాను.

"నాదేం బోయింది? దర్జీకి పక్కింటోని కొలతలిచ్చి అంగీ కుట్టుమన్నట్టున్నది" అంటూ పెద్ద ఫ్రేము దించాడు.

ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఆ కొలతలు సడ్డకుని కాళ్ళవి, ఆయన చేతులవి. ఆ సంగతి బడికి పోని పిల్లలు కూడా చెప్తారు. నాకు మాత్రం ఎవరూ చెప్పని రహస్యం కొట్టుకొచ్చానన్న సంబరం. ఓర్వలేనితనం కళ్ళకు గంతలు కట్టింది, నేను గానుగెద్దులా దాని చుట్టే తిరిగాను.

తయారైన సైకిల్ మాత్రం, అబ్బ! చిలకాకుపచ్చ రంగు. తాత కూడా రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. మొదటి ఆదివారం జఫర్‌గఢ్ దాకా పోయొచ్చాను. డాంబర్ మీద చప్పుడు లేకుండా పోయింది, చేల మధ్య మొరం బాటలో ఒక్కసారి కూడా జారలేదు. జారిందల్లా నేనొక్కణ్ణే. సీటు మీద ముందుకు జారుకుంటూ పోతున్నాను. హ్యాండిల్ అందుకోవడానికి వీపు సాగదీయాలి. సీటు ఎంత దించినా పెడల్ కిందికి పోయినప్పుడల్లా కాలి వేళ్ళే తగులుతున్నాయి. ఎక్కడైనా ఆగాలంటే సైకిల్‌ను ఒక పక్కకు వాల్చి దిగాలి. ఇంటికొచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కాయి.

"కొత్త చెప్పు కరుస్తది. నాలుగు రోజులైతే సర్దుకుంటది" అన్నాను. మా ఆవిడ నా నడుముకు మందు రాస్తూ ఏదో అనబోయి ఊరుకుంది.

నేను సర్దుకోవాలనే అనుకున్నాను. వేసవిలో పెద్దవంగరలో ఎల్లమ్మ పండుగ పెట్టుకున్నారు. ఆ రోజు డాంబర్ మీదా, మొరం మీదా చిన్నల్లుణ్ణి వెనకేసి మోటారు షెడ్డు దగ్గర నేను ముందు దిగాలి. మామ మళ్ళీ నలుగురికీ వినపడేలా ఆ మాట అనాలి. అంతే, ఇంకేం వద్దు. ఆ ఒక్క పూట కోసం నడుము పోయినా సరే అనుకున్నాను.

పండుగ నాడు మా ఆవిడను బస్సెక్కించి నేను తెల్లవారుజామునే సైకిల్ మీద బయల్దేరాను. పెద్దవంగర చేరేసరికి మెడ పట్టేసింది, కానీ మొహం మీద నవ్వు చెరగనీయలేదు. సైకిల్ వాకిట్లో అందరికీ కనపడేలా నిలబెట్టాను. కాసేపటికి తెల్ల కారు వచ్చింది. వెనక స్టాండు ఉంది, సైకిల్ మాత్రం లేదు. భయపడ్డాడు! నా సైకిల్ సంగతి ఎట్లాగో తెలిసి తనది తేలేదు! నాకు నేనే వీపు తట్టుకున్నాను.

ఆయన కారు దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. చెప్పులు విడిచి మరీ వచ్చి, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీద చెయ్యి పెట్టాడు.

"అన్నా, నిజంగనే చేయించినవా?" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. ఆయన సీటు గొట్టాన్ని పైకి లాగి బిగించుకుని ఎక్కేశాడు. ఏం చెప్పను, కాలు సరిగ్గా చాలింది, చేతులు సరిగ్గా అందాయి. వీధి చివరిదాకా పోయి, అట్నుంచి మొరం బాటలోకి దిగి, తిరిగి వచ్చాడు. నేనన్ని నెలలు కన్న కల అది, ఇంకొకడి కాళ్ళ కింద పోతుంటే నిలబడి చూశాను.

"డాంబర్ల, మొరంల ఒక్కతీరుగ పోతున్నది. నా ఒంటికి కుట్టినట్టే ఉన్నది" అంటూ దిగి నా చేతులు పట్టుకున్నాడు. "దసరా నాడు నువ్వు టేపు వెట్టి కొలుస్తుంటే మా ఆమె కిటికీలకెళ్ళి జూసింది. అక్కనడిగితే, బావ మీ ఆయనకు సైకిల్ చేయిస్తుండు, ఎవ్వలకు చెప్పకు అన్నదంట. అప్పటిసంది కడుపుల దాసుకున్న అన్నా. నా పాతది మొన్ననే బాయిల పనిచేసే ఒక దోస్తుకు ఇచ్చేసిన." గొంతు తగ్గించాడు. "మా ఇంట్ల నేనే పెద్దోన్ని. అందరికి నేనే కొనిచ్చుడు. నాకంటు కొలిచి చేయించినోళ్ళు ఎవ్వలు లేరు."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె తల ఎత్తకుండా ఉల్లిగడ్డలు కోస్తోంది.

వాకిట్లో పదిమంది ఉన్నారు. మామ గొంతు సవరించుకుని, "సూసిండ్రా! పెద్దల్లుడంటే గిట్లుండాలె!" అన్నాడు. దసరా నుంచి నేను ఎదురుచూసిన మాట అదే. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అనలేదు.

'కాదు తమ్మీ, ఇది నాది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆ టేపు ఎందుకు పెట్టానో చెప్పాలి. ఆ మనిషి నవ్వు మొహం చూస్తూ చెప్పాలి.

"నీకే తమ్మీ. తీసుకపో" అన్నాను.

ఆయన నన్ను గట్టిగా అలుముకున్నాడు. నా తల ఆయన గడ్డం కిందికే వచ్చింది. దసరా నాడు అన్నీ కొలిచినవాణ్ణి, ఆ ఎత్తు తేడాను కొలవడానికి మాత్రం నాకు టేపు గుర్తు రాలేదు చూడండి.

ఆ రోజు నల్లిబొక్క నా పళ్ళెంలోనే పడింది. అత్తమ్మ వెతికి మరీ వేసింది. నేను దాన్ని పీల్చలేకపోయాను, ఎవరికీ తెలియకుండా పక్కకు పెట్టేశాను.

సాయంత్రం బస్సులో మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఒక్క మాట నాకెందుకు చెప్పలే?"

"నాలుగు రోజులైతే నువ్వే మర్చిపోతవనుకున్న. చేయించినంక చెప్దామంటె నీ సంబరం జూసి నోరు రాలే" అంది. తర్వాత ఆమెకూ కోపం వచ్చింది. "అయినా నా చెల్లె అడిగితే నన్నేం చెప్పుమంటవు? పులిని జూసి నక్క వాతలు వెట్టుకున్నట్టు, నా మొగడు కుళ్ళుకుంట కొలుస్తున్నడని చెప్పాల్నా? నీ పరువు కోసం అబద్ధమాడిన. నువ్వేమో నా అబద్ధాన్ని నిజం చేసినవు." కిటికీ వైపు తిరిగింది.

వారం రోజులకు తాత దగ్గరికి పోయి మొత్తం చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికి పోయి ఆ చిన్న ఫ్రేము తెచ్చాడు, గోనెసంచి చుట్టి ఉంది. "ఎవ్వలకు ఇయ్యలే సారు. వస్తవని ఎర్కనే" అన్నాడు. చెప్పులు విప్పించి నన్ను గోడకు నిలబెట్టి, మడమ నుంచి పైదాకా తానే కొలిచి సుద్దముక్కతో గోడ మీద రాశాడు. మొదటిసారి నా కొలత చూశాను. తక్కువే. అది నాదే.

ఆ ఫ్రేము ఇంకా తాత దుకాణంలోనే వేలాడుతోంది. చక్రాలు రావాలి. ఈలోపు ప్రతి ఆదివారం పొద్దున భూపాలపల్లి నుంచి ఫోటో వస్తుంది. చిలకాకుపచ్చ సైకిల్, వెనక ఎర్రటి మొరం బాట, పక్కన నవ్వుతూ మా సడ్డకుడు. కింద ప్రతిసారీ ఒకే మాట, "మా అన్న చేయించిండు". నేను "సూపర్ తమ్మీ" అని కొట్టి, ఫోను బోర్లా పెట్టేస్తాను. ఇదివరకు ఆయన సైకిల్ చూసి కుళ్ళుకునేవాణ్ణి. ఇప్పుడు నా సైకిల్ చూసే కుళ్ళుకుంటున్నాను.