‘నెవర్’ కాదు, ‘రేర్లీ’

2023 వర్షాకాలం. సూరత్‌లో ఉధ్నా స్టేషన్‌కు దగ్గర్లో, ఒక మేడగది అద్దెకు తీసుకుని స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతున్నాను. కింద పవర్‌లూమ్‌లు ఆడుతూనే ఉంటాయి కాబట్టి మా క్లాసులో ఎవరూ మెల్లగా మాట్లాడరు.

ఒక సాయంత్రం స్వప్న అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఆమె తల్లిదండ్రులు సిరిసిల్ల నుంచి వచ్చిన నేత కార్మికులు. తను ఇక్కడే పుట్టి పెరిగి, ఒక బట్టల ఎగుమతి కంపెనీలో క్వాలిటీ చెకర్‌గా చేస్తోంది. అంటే బట్టను వెలుతురులో పరిచి లోపాలు పట్టే పని. కాస్త ఇంగ్లిష్ వచ్చని, విదేశీ బయ్యర్లతో వీడియో కాల్ మాట్లాడే బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు.

“మేడం, ఆ బాధ్యత పోయేటట్టున్నది,” అంది. “మీరు ఎట్ల చెక్ చేస్తరని బయ్యరమ్మ అడిగింది. ‘వీ హార్డ్‌లీ చెక్ ఎవ్రీ మీటర్’ అన్న. ఆమె మొఖమే మారిపోయింది. ఇంకోసారి గిట్లయితే కాల్‌ల కూసోవద్దన్నడు మా కంపెనీ సేఠ్. నేను తప్పేమన్న?”

“కష్టపడి చెక్ చేస్తామని చెప్పాలనుకున్నావు. కానీ నువ్వన్నది, చెక్ చేయడం దాదాపు లేనే లేదని.”

“క్విక్‌కు ‘లీ’ పెడితే క్విక్‌లీ అయితది గదా! హార్డ్‌కు పెడితే ఏందట?”

అడగవలసిన ప్రశ్నే. పని ఎలా, ఎప్పుడు, ఎక్కడ, ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే మాట యాడ్‌వర్బ్, మన క్రియావిశేషణం. చాలావాటికి చివర ‘లీ’ వస్తుంది, అన్నింటికీ రాదు. ‘వీ వర్క్ హార్డ్’ అన్నప్పుడు హార్డ్ ఉన్నదున్నట్టే సరిపోతుంది. ‘లీ’ తగిలిస్తే అర్థమే తిరగబడుతుంది. చెక్ చేయడానికైతే ‘కేర్‌ఫులీ’ అనాలి. తర్వాత ఎంత తరచుగానో చెప్పే ఆల్వేస్, యూజువలీ, రేర్లీ (అరుదుగా), నెవర్ కూడా చెప్పాను. ఇవి మామూలుగా క్రియకు ముందు కూర్చుంటాయి. స్వప్న ఒక్కోదానితో తన పని గురించే వాక్యాలు కట్టింది.

తర్వాతి కాల్‌కు కాసేపటి ముందు నాకు ఫోన్ చేసింది.

“మేడం, ‘వీ నెవర్ సెండ్ డ్యామేజ్’ అనమంటున్నడు సేఠ్. నెవర్ అంటే ఒక్కసారి గూడ లేదనే గదా?”

“అంతే.”

“మరి పోయిన నెల ఒక తాకా బట్ట ఖరాబుది పోయింది. మేమే వాపస్ తెచ్చుకున్నం. నెవర్ అని నేనెట్లంట?”

“ఏమంటావు మరి?”

“ఏది నిజమో గదే అంట,” అని పెట్టేసింది.

ఆ సాయంత్రం మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది. ముందు తన పాత మాట దిద్దుకుందట. ‘వీ చెక్ ఎవ్రీ మీటర్ కేర్‌ఫులీ’ అందట. డ్యామేజ్ వస్తుందా అని బయ్యర్ సూటిగా అడిగితే, ‘వీ రేర్లీ సెండ్ డ్యామేజ్, అండ్ వీ ఆల్వేస్ టేక్ ఇట్ బ్యాక్’ అందట. పక్కనే ఉన్న సేఠ్ గుర్రుగా చూశాడట.

“బయ్యరమ్మ ఏమన్నదో తెలుసా మేడం? అందరూ నెవర్ అనే అంటరు, నమ్మబుద్ధి కాదు, ఇకనుంచి బట్ట నువ్వే చూపించు అన్నది. సేఠ్ గూడ కాల్స్ నువ్వే చూస్కో అన్నడు!”

ఆల్వేస్ నుంచి నెవర్ దాకా ఉన్న మాటలతో ఇప్పుడు నేను ఖాళీలు పూరించమనను. ఎవరి పని గురించి వాళ్లనే ఒక వాక్యం చెప్పమంటాను. వ్యాకరణం సరిచూశాక ఇంకొక్కటి అడుగుతాను: “ఈ మాట మీద నువ్వు నిలబడగలవా?”