కళ్ళు మూసుకుని ఎంచిన తోలు

మా ఆయన తోలు ఎంచేటప్పుడు కళ్ళు మూసుకునేవారు. రంగు పూసిన తోలు కంటిని మోసం చేస్తుంది గానీ చేతిని చెయ్యలేదనేవారు. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదే కొట్టు. గేదె తోలు నేలమీద పరిచి, లోపలి వైపు బొటనవేలితో ఓసారి రాసి, ఇక్కడిదాకా వెన్ను, ఇక్కణ్ణించి పొట్ట అని చెప్పేసేవారు. బెల్టుకి వెన్నే కావాలి. బిగుతుగా ఉంటుంది, ఏళ్ళు గడిచినా సాగదు. పొట్ట తోలు పైకి నున్నగా ముద్దుగానే ఉంటుంది, లోపల పీచు వదులు. కొన్నాళ్ళు బరువు పడితే బెజ్జాలు కోలగా సాగి, ఒకరోజు అక్కడే చిరుగుతుంది. సంచికి పనికొస్తుంది తప్ప నడుముకి పనికిరాదు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను పక్కన కూర్చుని తోలుకి నూనె రాసేదాన్ని. నా చేతికి అంత తెలిసేది కాదు, మడిచి చూసేదాన్ని. వెన్ను మడిస్తే సన్నటి గీతలు పడి, వదలగానే పోతాయి. పొట్ట మడిస్తే లావుపాటి ముడతలు లేస్తాయి, మోచేతి మీద చర్మంలాగా.

"చీరల కొట్లో కూర్చున్నట్టు ఆ మడతలేంటే," అని నవ్వేవారు.

ఆయనకి చాలా ఏళ్ళుగా షుగరుంది. నిరుడు వానల్లో స్టీలు గ్లాసుతో టీ ఇచ్చాను. నేను కొంగుతో పట్టుకొచ్చిన గ్లాసుని ఆయన మామూలుగా అందుకుని, పేపరు చూస్తూ అలాగే పట్టుకు కూర్చున్నారు. సాయంత్రానికి మూడు వేళ్ళకి బొబ్బలు. ఏమైందండీ అంటే జిగురు అంటుకుందన్నారు. నేనింకేమీ అడగలేదు. అడిగితే ఆయన చెప్పాల్సొస్తుంది.

ఈ ఏడు ఎండలు మొదలయ్యే ముందు కోనసీమ నించి కల్లు గీసే అతనొకడు బెల్టు కోసం వచ్చాడు. వాళ్ళ నాన్నకీ మా ఆయనే కుట్టారు. తాటిచెట్టు మీద గెల గీసేటప్పుడు వాళ్ళు రెండు చేతులూ వదిలేసి, ఆ బెల్టు మీదే వెనక్కి వాలి నిలబడతారు. కింద ఇంకేమీ ఉండదు.

మా ఆయన టేపుతో కొలిచి, "బాగా ఒళ్ళు చేశావురా. చెట్టు ఊరుకుంటుందా?" అన్నారు.

"చెట్టేమీ అనట్లేదండి బాబాయ్. మీ కోడలే, ఎక్కేది తియ్యడానికా తాగడానికా అంటుంది."

"దేనికిరా మరి?"

"రెండింటికీనండి."

ఈమధ్య నిండు తోళ్ళు రావట్లేదు. కోసిన ముక్కలు కట్టలుగా వస్తున్నాయి, వెన్నూ పొట్టా కలిసిపోయి. మా ఆయన కళ్ళు మూసుకుని ఒక్కో ముక్కా రాసి చూసి, ఒకటి తీసి సుద్దతో గీత పెట్టారు. "నీకిదిరా. మీ నాన్న బెల్టు కంటే గట్టిది." వారంలో వస్తానని అతను వెళ్ళిపోయాడు.

ఆయన స్నానానికి లేచాక ఆ ముక్క మడిచి చూశాను. లావుపాటి ముడతలు. ఇంకోచోట మడిచాను. అవే.

కట్టలోంచి వెన్ను ముక్క వెతికి దాని చోట పెట్టి, ఆ పొట్ట ముక్క బియ్యం డబ్బా వెనకాల దాచాను. అన్నం పెడుతుంటే, "అలా ఠక్కున పెట్టేశావేంటే," అన్నారు.

"గిన్నె వేడిగా ఉందండి."

తిన్నాక ఆయన పనికి కూర్చుని, బెజ్జాలు వేసే ఆరె తీసి మొదటి పోటు పొడిచి ఆగిపోయారు. వెన్నులో ఆరె దిగాలంటే భుజం నించి బలం పెట్టాలి, ఈమధ్య ముక్కల్లో చాలావాటికి అంత పెట్టాల్సి రాలేదు. ముక్క తిప్పి చూశారు. తను పెట్టిన సుద్దగీత లేదు.

"మార్చావా?"

"మార్చానండి."

"అది పొట్టా?"

అవునన్నాను. తెమ్మంటే తెచ్చిచ్చాను. ఆయన దాన్ని మడిచి, చాలాసేపు ఆ ముడతల్నే చూశారు.

"ఎన్నాళ్ళ నించి మారుస్తున్నావు?"

"ఇదే మొదలండి."

ఆ మాటతో ఆయన స్థిమితపడతారనుకున్నాను. ఆయన ఆ ముక్క పక్కన పడేశారు. "అయితే నిరుటి నించి ఇచ్చినవి ఎవరు చూశారే?" అన్నారు.

నిరుటి నించి చెట్లెక్కేవాళ్ళకిచ్చినవి రెండే. మిగతావన్నీ ప్యాంటు బెల్టులు, తెగినా ప్రాణం మీదికి రాదు. మొదలెట్టిన బెల్టు పక్కన పెట్టేసి, ఆదివారం ప్రార్థన అయ్యాక బస్సెక్కి ఆ ఇద్దరి ఊళ్ళకీ వెళ్ళాం. మొదటిది వెన్నే. రెండో అతను అప్పుడే చెట్టు దిగి వచ్చాడు, నడుముకి బెల్టు ఇంకా ఉంది. విప్పించి నేను మడిచాను. బెజ్జాలు అప్పటికే కోలగా సాగాయి.

మా ఆయన దాన్ని కత్తితో రెండు ముక్కలు చేశారు.

"ఏమీ కాలేదు కదండి బాబాయ్. ఇంకోటి కుట్టివ్వండి," అన్నాడతను.

నేను చూసి ఎంచుతానులే అనబోయాను. ఆయన నా వైపు చూసిన చూపుకి ఆగిపోయాను.

"నా దగ్గర వద్దురా," అన్నారాయన. మా వీధి చివర ఇంకో తోలు బెల్టుల కొట్టుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టతనితో ఆయనకి మాటల్లేవు. ఆ కొట్టుకి ఎలా వెళ్ళాలో, ఏ మలుపు తిరగాలో అతనికి రెండుసార్లు చెప్పారు. "వెన్నే అడుగు. నేను పంపానని చెప్పు, మంచిదిస్తాడు."