బాప్తిస్మంలో క్రీము డబ్బా

మొన్న ఆదివారం బాపట్ల చర్చిలో నా పరువు నేనే తీసుకున్నానండి బాబూ! అదీ అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే!

మా బుజ్జిగాడికి ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మెడ మీద ఎర్రగా దద్దుర్లు. రక్తం వచ్చేలా గోక్కునేవాడు. వాడితోపాటు నేనూ ఏడ్చేదాన్ని. తెనాలిలో డాక్టరమ్మ గారు ఏం చెయ్యాలో అంతా తెలుగులో రాసిచ్చారు. సున్నిపిండి వద్దు, పౌడరు వద్దు. మందు ఎర్రగా ఉన్నచోట మాత్రమే పల్చగా. నీళ్ళు పోశాక మెత్తటి గుడ్డతో అద్ది, ఒళ్ళు ఆరిపోకముందే మామూలు క్రీము ఒళ్ళంతా దట్టంగా. అలా చేస్తే పిల్లాడు హాయిగా నిద్రపోయాడండి! ఇంకేముంది, నాకు ఆ కాగితమే వేదవాక్కు. లామినేషన్ చేయించి రేపల్లెలో మా ఫ్రిజ్‌కి అంటించేశా.

బాప్తిస్మం మా అత్తయ్య వాళ్ళ చర్చిలో. పొద్దున్నే ఆవిడ పౌడరు డబ్బాతో తయారు.

"ఫోటోల్లో జిడ్డు మొహం పడుద్దే!"

"కుదరదు అత్తయ్యా, వద్దని రాసిచ్చారు."

చర్చిలో అయ్యగారు వాడి తలమీద నీళ్ళు పోశారు. అవి కాస్తా మెడ మడతల్లోకి కారుతున్నాయి. మళ్ళీ దురద మొదలైతేనో? ఆయన పిల్లాణ్ణి నా చేతికిచ్చి ప్రార్థన మొదలెట్టారు. అందరూ తలలు వంచారు. ఇదే సందని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి క్రీము డబ్బా తీసి, తడి అద్ది, మెడకీ చేతులకీ పట్టించేశా.

"ఆమెన్" అన్నారు. ఆశీర్వదించడానికి అయ్యగారు వాణ్ణి మళ్ళీ ఎత్తుకున్నారు. జర్రున జారాడు! పక్కనే ఉన్న మా ఆయన పట్టుకోబట్టి సరిపోయింది. అయ్యగారి కళ్ళజోడుకి క్రీము, పుస్తకానికి క్రీము.

"ఏంటమ్మా ఇది?"

"నీళ్ళు పడ్డాయి కదండి అయ్యగారూ..."

"నేను పోసింది గుప్పెడు కూడా లేదు కదమ్మా!"

చర్చంతా గొల్లుమంది. బుజ్జిగాడు మాత్రం ఎక్కడా గోక్కోకుండా బోసినవ్వులు.

భోజనాల దగ్గర అత్తయ్య దణ్ణం పెట్టేశారు. "తల్లీ, వీడి పెళ్ళికైనా ఆ డబ్బా ఇంట్లో పెట్టి రావే!"

సరేనని ఊరుకోవచ్చుగా! నా నోరు ఊరుకుంటేగా...

"ఆరోజు వాన పడితేనో అత్తయ్యా?"