జుట్టురంగు డబ్బాలు

డకోటా గడ్డిమైదానంలో ప్రెయిరీ డాగ్‌లను గమనిస్తూ బతికే ఆర్విడ్‌ది ముగ్గుబుట్ట తల. అయినా ఏటా వసంతం రాగానే వెర్నా కొట్లో నల్ల జుట్టురంగు డబ్బాలన్నీ ఊడ్చుకుపోతాడు.

“ఎవతెకయ్యా ఇదంతా?” ఈసారి వెర్నా నిలదీసింది.

“ఒక్కతెకైతే బాగుండు! మైదానంలో ఇరవైమంది ఉన్నారు.”

ఒళ్లుమండి ఆమె అతని ట్రక్కెక్కింది. తీరా చూస్తే, కలుగుల ముందు బొద్దు ఉడుతల్లాంటి ప్రెయిరీ డాగ్‌లు నిటారుగా నిలబడి ఆమెను చూసి కీచుమంటున్నాయి. ప్రతిదాని వీపుమీదా నల్లటి నెంబరు.

“నెంబరు లేకపోతే ఎవరి కలుగులో ఎవరు దూరారో నాకెలా తెలుస్తుంది?” అన్నాడు ఆర్విడ్. “అదిగో, పదిహేడు మొగుడి మీద అలిగింది.”

“నా కొట్లో నాకే డబ్బా మిగల్చకుండా ఈ ఎలకలకి సోకులా?” వెర్నా తన తలగుడ్డ లాగేసింది. లోపల జుట్టంతా తెలుపే. అతని కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఊఁ, నా నెంబరెంత?”